కోరా గుడ్డ మీద ఒక వాక్యం

మా పర్లాకిమిడిలో ఒకే భాషలో మైకు మోగిన సభను గాని, ఆటను గాని నేను ఎరుగను. ముందు ఒడియాలో చెప్పేవారు, తరువాత తెలుగులో చెప్పేవారు, కొండల మీది పల్లెల నుంచి సవరలు ఎక్కువగా దిగివచ్చిన రోజున వారి భాషలో కూడా ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పేవారు. 1998 డిసెంబరులో మా ఊళ్లో జరిగిన ఫుట్‌బాల్ పోటీలకు ఆ మైకులో తెలుగు చెప్పే పని నాకు అప్పగించారు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ పని దొరకడం నాకు ఎంత గొప్పగా ఉండేదంటే, పోటీలు జరిగిన ఆ పది రోజులూ గొంతు పాడవుతుందని మజ్జిగ కూడా ముట్టలేదు. ఆ పోటీల ఫైనల్ రోజున అదే మైకులో నేను చదివిన ఒక ప్రకటన గురించి, దానితో మా బావకూ నాకూ మధ్య మొదలై ఇప్పటికీ తెగని వాదం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆ ప్రకటనలో ఉన్నవి రెండే వాక్యాలు. జట్ల పేర్లు తప్ప మరే రాత ఉన్న గుడ్డలనూ, అట్టలనూ మైదానంలోకి తీసుకురాకూడదనీ, తెచ్చినవారిని బయటకు పంపివేస్తారనీ కమిటీ పెద్దలు ఒడియాలో రాసిన కాగితాన్ని నా చేతికిచ్చి తెలుగులో చెప్పమన్నారు, నేను చెప్పాను. ఆ రోజు మైదానంలో అటువంటి గుడ్డ ఒక్కటే ఉందనీ, అది మా పెద్దక్క భర్త చంకలో మడతపెట్టి ఉందనీ, దాని మీద ఎర్ర రంగుతో ‘మేమూ ఈ ఊరివాళ్లమే’ అని తెలుగులో రాసి ఉందనీ తెలిసే చెప్పాను.

మా ఊరి సంగతి తెలియనివారికి ఆ మూడు మాటలు ఎందుకంత బరువైనవో చెప్పాలి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడీ, అక్కడికి సైకిలు మీద కాసేపట్లో చేరగలిగిన పాతపట్నమూ ఒకప్పుడు ఒకే జమీందారీలోని ఊళ్లు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు జమీందారీ రెండుగా చీలింది. పట్టణమూ, కోటా, కాలేజీ ఒరిస్సాలోకి వెళ్లాయి; ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం వైపు పల్లెలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయాయి. ఈ ఊరి రాజావారి పాఠశాలలో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, మనం మాట్లాడే తెలుగే పుస్తకాలలోకీ రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు, ఆ మార్పు రాగానే తన జీవితమంతా గడిపిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన వెళ్లిపోయారు, మా తాతలు ఉండిపోయారు. పొలం ఇక్కడే ఉంది, కొట్టు ఇక్కడే ఉంది, రథయాత్ర నాడు తాడు పట్టుకునే చోటు ఇక్కడే ఉంది, ఎక్కడికని వెళతారు? అలా ఉండిపోయినవారి మనుమలం మేము ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, రెండింటికీ ఒక్క గొంతుతోనే సమాధానం చెబుతూ పెరిగాము. ఏ రోజూ ఏ ఇబ్బందీ లేదు. ఎప్పుడో ఏడాదికి ఒకసారి, బజారులోనో, బస్సులో సీటు దగ్గరో మాటామాటా పెరిగినప్పుడు మాత్రం ఎవరో ఒకరు ‘మీ పాతపట్నం పొండి’ అనేవారు. వినడానికి చిన్న మాటే. పొరుగూరికి పొమ్మనడమే కదా అని ఇతర ప్రాంతాల వారికి అనిపించవచ్చు. ఉన్న ఊళ్లోనే మనల్ని చుట్టాలను చేసే మాట అది.

ఫుట్‌బాల్ మా ఇంటికి వచ్చింది మా మేనమామ వల్ల. శ్రీకాకుళం, గంజాం జిల్లాల నుంచి ఆ రోజుల్లో ఎందరో ఖరగ్‌పూర్ రైల్వేకూ, కలకత్తా చుట్టుపక్కల ఉన్న జూట్ మిల్లులకూ వెళ్లినట్టే, ఆయన కూడా చిన్న బండి ఎక్కి నౌపడాలో దిగి, అక్కడ హౌరా వైపు పోయే రైలు పట్టుకుని టిటాగఢ్ వెళ్లాడు. 1900లో వేసిన ఆ చిన్న పట్టాల బండి మాకు మిగతా ప్రపంచానికి తలుపులాంటిది. ఏడాదికి ఒకసారి ఆ బండిలోంచి దిగిన మావయ్య చేతిలో ఒక ట్రాన్సిస్టరు ఉండేది. ఆకాశవాణి కలకత్తా కేంద్రం నుంచి అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ బెంగాలీలో చెప్పే ఆట విశేషాలను మా పెరట్లో జామచెట్టు కింద కూర్చుని ఆయన వింటూ ఉంటే, ఒడియా వచ్చిన మాకు సగానికి పైగా అర్థమయ్యేవి. మిగతాది ఆయన ముఖం చూస్తే తెలిసిపోయేది.

మావయ్యది ఈస్ట్ బెంగాల్ జట్టు. తెలుగువాడివి, నీకు ఎర్ర పసుపు రంగుల జట్టు మీద అంత ప్రేమ ఏమిటని మా నాన్నగారు అడిగితే, అది ఊరు విడిచి వచ్చినవాళ్ల జట్టు అనేవాడు. 1920 ఆగస్టు 1న ఆ క్లబ్బు పుట్టినప్పుడు అది తూర్పు బెంగాల్ పెద్దలు కొందరు పెట్టుకున్న జట్టే గాని, 1947లో దేశం చీలిన తరువాత కట్టుబట్టలతో వచ్చిన లక్షలాది మంది దాన్ని తమ ఇంటిపేరులా పట్టుకున్నారు. 1911లో బూట్లు తొడుక్కున్న దొరల పటాలాన్ని వట్టి కాళ్లతో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన మోహన్ బగాన్, అక్కడే తరతరాలుగా ఉన్నవారి జట్టు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ రాత్రి ఇళ్లలో ఇలిశ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారని మావయ్య చెబుతుంటే, మా అమ్మమ్మ ఇలిశ అంటే మన గోదారి పులసేనని వింతపడేది. సికింద్రాబాద్ పిల్లవాడు తులసీదాస్ బలరామ్ 1950ల చివర్లో ఈస్ట్ బెంగాల్ చొక్కా తొడుక్కుని కలకత్తాను ఏలాడన్న సంగతి మాత్రం ఆయన ఎప్పుడు చెప్పినా తన సొంత మేనల్లుడి సంగతి చెబుతున్నట్టే ఉండేది.

అదే మావయ్య 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఉన్నాడు. కలకత్తా లీగులో ఆ రెండు జట్లూ ఆడుతుండగా మైదానంలో ఆటగాళ్ల మధ్య మొదలైన తగవు గ్యాలరీలోకి పాకి, తొక్కిసలాటలో పదహారు మంది అభిమానులు చనిపోయారు. ఆ పదహారు మందిలో ఆయనకు తెలిసినవారు ఎవరూ లేరు గాని, మెట్ల మీద కుప్పగా పడి ఉన్న చెప్పులను చూశానని మాత్రం చెప్పేవాడు. ఒక్కొక్క జతా విడిపోయి, ఏది ఎవరిదో ఎవరూ పోల్చుకోలేని చెప్పులు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన గొంతు పెగిలేది కాదు. మైదానంలో నిప్పుకు గాలి చాలునురా అనేవాడు. నాలో ఉన్న జాగ్రత్త, దాన్ని పిరికితనం అన్నా నేను కాదనను, ఆ చెప్పుల కథ నుంచి వచ్చిందే.

మా బావ కూడా అదే జామచెట్టు కింద అదే ట్రాన్సిస్టరు విన్నాడు గాని, ఆయన మనసులో నిలిచినది వేరు. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ చూడడానికి మావయ్య మా ఇద్దరినీ సాల్ట్ లేక్ స్టేడియానికి తీసుకువెళ్లాడు. లక్షా ముప్పై వేల మందికి పైగా వచ్చిన ఆట అది. అంతమంది మనుషులను ఒకేచోట అంతకు ముందు నేను చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. ఆటకు ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఎదుటి జట్టయిన ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ల పేర్లను వెక్కిరించాడు. బైచుంగ్‌ను చుంగ్ చుంగ్ అన్నాడు, కెన్యా నుంచి వచ్చిన సామీ ఒమొలోను ఆమ్లెట్ అన్నాడు, సోసోను దోసకాయ అన్నాడు. ఆ మాటలు కలకత్తా అంతా పాకాయి. ఎవరి పేరు మన నోటికి కొత్తో వాళ్లను మన ఊరివాళ్లు కాదనడం ఎంత తేలికో చూడమని స్టేడియం బయట జనం మధ్య నిలబడి బావ నాతో అన్నాడు. ఆట మొదలయ్యాక బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4–1తో గెలిచింది. ఈస్ట్ బెంగాల్ కోచ్ పీకే బెనర్జీ ఆటగాళ్లకు ఏం చెప్పి పంపాడోనని మావయ్య తిరుగు రైలులో ఖరగ్‌పూర్ దాకా తలపోస్తూనే ఉన్నాడు. బావ మాత్రం కిటికీలోంచి చూస్తూ ఉండి ఉండి ఒక మాట అన్నాడు. మాటకు గోలుతో సమాధానం చెప్పాలంటే మన దగ్గర బైచుంగ్ ఉండాలి, బైచుంగ్ లేనివాళ్లు ఏం చెయ్యాలి, అని.

ఏడాదిన్నర తిరగకుండానే ఆ ప్రశ్న మా ఊళ్లోకి వచ్చింది.

ఆ సంవత్సరం మా పట్టణం జట్టులో ఐదుగురు తెలుగు పిల్లలు, నలుగురు ఒడియా పిల్లలు, ఇద్దరు సవర పిల్లలు ఉండేవారు. గోలీ సవర కుర్రవాడు. పొట్టివాడే అయినా పైకి వచ్చిన బంతిని పిల్లి పట్టినట్టు పట్టేవాడు. సెమీఫైనల్లో మేము బరంపురం నుంచి వచ్చిన జట్టు మీద గెలిచాము గాని, చివరి నిమిషాల్లో మా సెంటర్ ఫార్వర్డ్, మా వీధి కుర్రవాడే, ఖాళీగా ఉన్న గోలు ముందు నుంచి బంతిని పైకి తన్నేశాడు. రెండో వైపు సెమీఫైనల్లో పాతపట్నం జట్టు అప్పటికే గెలిచి ఉంది. గోలు వెనక నిలబడ్డ కొందరు వెంటనే అందుకున్నారు. ఫైనల్లో వీడు కొట్టడు, అవతల వాళ్లు వీడి వాళ్లే కదా అని ఒకరు, వీళ్లను పాతపట్నం పంపించేస్తే సరిపోతుందని మరొకరు. అన్నవారు నలుగురైదుగురికి మించరు. మిగతావారు ఒక్కరూ వాళ్ల నోరు మూయించలేదు. మైకు బల్ల దగ్గర కూర్చున్న నాకు అది స్పష్టంగా వినిపించింది. ఆ కుర్రవాడికీ వినిపించింది. వాడు చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని మధ్య గీత దగ్గరకు నడుచుకుంటూ వెళ్లడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఆ రాత్రి బావ నాలుగు గజాల కోరా గుడ్డ కొని తెచ్చాడు. దుకాణాల బోర్డులు రాసే స్నేహితుడి దగ్గర కుంచె, ఎర్ర రంగు అడిగి తెచ్చుకుని, మా ఇంటి వసారాలో గుడ్డ పరిచి, మోకాళ్ల మీద కూర్చుని తానే రాశాడు. ఆయన చేతిరాత ఏమంత బాగుండదు. ‘ఊరివాళ్లమే’ అన్నచోట అక్షరాలు ఒదగక చివరి రెండూ ఇరుకైపోయాయి. అయినా ఆ దీపం వెలుతురులో తడి ఆరని ఆ ఎర్రని అక్షరాలు చూసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది, అది దాచను.

మా జట్టు వెంట తిరిగే అభిమానులం ఇరవై మందిమి ఉండేవాళ్లం. మరునాడు ఆ గుడ్డ చుట్టూ కూర్చున్న మా మధ్య రేగిన వాదం నేను విన్న వాదాలన్నింటిలోనూ నిజాయితీ గలది. ఎవరూ ఎవరినీ గెలవాలని మాట్లాడలేదు. అందరికీ భయమూ ఉంది, బాధా ఉంది. కుర్రవాళ్లలో ఎక్కువమంది గుడ్డ కట్టాల్సిందేనన్నారు. పెద్దవాళ్లు కొందరు ఆట జరిగే చోటుకు ఈ గోల ఎందుకన్నారు. నేను పెద్దవాళ్ల వైపు మాట్లాడాను. ఈ గుడ్డ మనం ఎగరేస్తే భారం మోయవలసింది మనం కాదు, ఆ కుర్రవాడు. ఇప్పటిదాకా వాడు ఒక ఆటగాడు, గుడ్డ లేచాక వాడొక తెలుగువాడు అయిపోతాడు, కొట్టినా తప్పే, కొట్టకపోయినా తప్పే అని నా వాదం. బావ ఓపికగా విన్నాడు.

‘వాడు తెలుగువాడని నిన్ననే తేల్చేశారు కదరా. మనం తేల్చేది ఏముంది? తేల్చినవాళ్లు తేల్చేశాక కూడా మనం ఊరుకుంటే, అవునని ఒప్పుకున్నట్టే’ అన్నాడు.

ఆ సమయంలో జట్టు చొక్కాలకు నంబర్లు కుట్టే దర్జీ పెద్దాయన అక్కడికి వచ్చాడు. ఆయన ఒడియావాడు. వీధి పిల్లలం అందరం ఆయనను మౌసా అని పిలిచేవాళ్లం, ఒడియా పిల్లలు తమ పిన్ని భర్తను పిలిచినట్టే. మౌసా కళ్లజోడు సర్దుకుని గుడ్డను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, ఇది ఎవరు చదవాలని రాశావు బాబూ, అని అడిగాడు. ఆ మాట అన్నవాళ్లు చదవాలనే రాశానని బావ చెప్పాడు.

‘వాళ్లకు తెలుగు చదవడం రాదు కదా? నీ గుడ్డ నువ్వు చదువుకుంటావు, పాతపట్నం నుంచి వచ్చినవాళ్లు చదువుకుంటారు. ఆ నలుగురికీ ఇది ఎర్ర గీతలే. దీని కింద ఒడియాలో కూడా రాయి. నేను ఇంకో గుడ్డ అతికి కుడతాను.’

అందరమూ ఒక్కసారి చల్లబడ్డాము. నాకు ఆ మాట ఎంతో సబబుగా తోచింది. బావకు తోచలేదు. వాళ్ల భాషలో రాస్తే మమ్మల్ని ఉండనివ్వండని అడుక్కున్నట్టు ఉంటుందనీ, మన ఊళ్లో మన మాట మన అక్షరాల్లో కనబడటమే అసలు సమాధానమనీ, చదవడం రానివాళ్లు పక్కవాడిని అడిగి తెలుసుకోవాలనీ ఆయన పట్టుబట్టాడు. మౌసా వాదించలేదు. గుడ్డ తీసుకుని వెళ్లి, సాయంత్రానికి రెండు గజాల అతుకు వేసి, అతుకు మీద పెన్సిలుతో ‘ఆమే బి ఏ సహరర లోక’ అని అందంగా అక్షరాల అంచులు గీసి తెచ్చి ఇచ్చాడు. రంగు నింపడం నీ ఇష్టం అన్నాడు. బావ రంగు నింపలేదు. మౌసా వేసిన అతుకును విప్పనూ లేదు.

ఆ సంగతి ఎలాగో కమిటీకి తెలిసింది. ఇరవై మంది కూర్చుని వాదించుకున్న విషయం ఊళ్లో దాగుతుందా? వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లలో తెలుగువారూ ఉన్నారు. ఫైనల్‌కు రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు, చిన్న బండి నిండా పాతపట్నం వాళ్లు దిగుతారు, ఏదైనా జరిగితే మరుసటి ఏడాది పోటీలే ఉండవని వాళ్ల భయం. ఆ భయం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఎవరి పేరూ ఎత్తకుండా, ఏ గుడ్డ అని చెప్పకుండా అందరికీ వర్తించేలా ఒక ప్రకటన రాశారు. అది చదివింది నేను. ఒడియాలో చదివినవారికి ఆ గుడ్డ ఎవరిదో తెలియదు. సవర భాషలో ఆ రోజు ఎవరూ చదవలేదు. తెలుగులో మాత్రం, ఆ గుడ్డ ఎవరిదో తెలిసిన గొంతు, ఆ గుడ్డ చంకలో పెట్టుకున్న మనిషికి చెప్పింది. మైకులోంచి నా మాట మైదానం అవతలి గోడకు తగిలి నాకే తిరిగి వినిపిస్తూ ఉండగా, గ్యాలరీలో బావ నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉండి ఉంటే బాగుండేది.

బావ బయటకు వెళ్లలేదు. గుడ్డను అక్షరాలు కిందికి వచ్చేలా మడిచి గ్యాలరీ మెట్టు మీద పరిచి, ఆటంతా దాని మీదే కూర్చున్నాడు. మా జట్టు అభిమానుల్లో కొందరు ఆయన పక్కన కూర్చున్నారు, కొందరు దూరంగా జరిగి కూర్చున్నారు. గోలు కొట్టినప్పుడు అందరూ లేచి ఎగిరారు, ఆయనా లేచి ఎగిరి మళ్లీ అదే గుడ్డ మీద కూర్చున్నాడు. ఆట 1–1 దగ్గర ఆగిపోయి టై బ్రేకర్‌కు వెళ్లింది. మా తరఫున ఎవరు గోలు కొట్టారో చెప్పమంటే ఇప్పుడు తడుముకోవాలి. టై బ్రేకర్‌లో చివరి బంతి తన్నింది మాత్రం ఆ కుర్రవాడేనని, ఆ బంతి కుడి కమ్మీకి తగిలి బయటకు పోయిందని మరిచిపోలేను. పాతపట్నం గెలిచింది.

వెంటనే గోలు వెనక నుంచి అదే మాట వినబడింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. అమ్ముడుపోయాడని కూడా అన్నారు. కుర్రవాడు చుక్క దగ్గరే కూలబడిపోయాడు. మా సవర గోలీ పరుగెత్తుకు వచ్చి వాడి మీద వంగి, ఏ మాటా మాట్లాడకుండా, వాడి తల తన పొట్టకు ఆనించుకుని, అరుస్తున్న వాళ్ల వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. వాళ్లు అలసిపోయేదాకా అలాగే ఉన్నాడు. మైకు నా చేతిలోనే ఉంది. గుడ్డలు తేవద్దని చెప్పిన మైకులో, ఆ మాటలు అనవద్దని చెప్పే కాగితం ఏదీ నాకు ఎవరూ ఇవ్వలేదు; కాగితం లేకుండా చెప్పవచ్చునని నాకు తట్టలేదు. గెలిచిన జట్టు పేరు చదివి, అందరికీ ధన్యవాదాలు చెప్పి, మైకు కట్టేశాను.

ఆ రాత్రి మొదలైంది మా వాదం. గుడ్డ ఎగిరి ఉంటే ఆ మాట వాళ్ల గొంతులోనే ఆగిపోయేదని బావ అంటాడు. గుడ్డ ఎగిరి, ఆ బంతి కమ్మీకి తగిలి ఉంటే ఆ కుర్రవాడిని కొట్టి ఉండేవారని నేనంటాను. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే ఆట మళ్లీ ఆడలేము కాబట్టి ఏళ్లు గడిచినా ఇద్దరమూ మెత్తబడలేదు. 2004లో చిన్న బండి ఆగిపోయింది. పెద్ద పట్టాలు పడి 2010లో మళ్లీ రైలు వచ్చింది. మావయ్య టిటాగఢ్‌లోనే కన్నుమూశాడు. మౌసా పోయి కూడా చాలా ఏళ్లయింది. మా వాదం మాత్రం సంక్రాంతికీ, రథయాత్రకూ తప్పకుండా ఇంటికి వచ్చే చుట్టంలా వస్తూనే ఉంది.

2016 ఆగస్టులో గ్లాస్గో నగరపు సెల్టిక్ అభిమానుల సంగతి పత్రికలో చదివి బావ నాకు ఫోను చేశాడు. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేదల కడుపు నింపడం కోసం 1887లో ఒక క్రైస్తవ సోదరుడు పెట్టిన జట్టు అది. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన హపోయెల్ బేర్ షెవా జట్టుతో ఆట జరుగుతున్నప్పుడు, యూరప్ ఫుట్‌బాల్ సంఘం నిబంధనలకు అది విరుద్ధమని తెలిసే వాళ్లు గ్యాలరీ నిండా పాలస్తీనా జెండాలు ఎగరేశారు. సంఘం జరిమానా వేయడానికి సిద్ధపడితే, అభిమానులు దానికి జవాబుగా పాలస్తీనా వైద్య సహాయానికీ, బెత్లెహేము దగ్గరి శరణార్థి శిబిరంలోని పిల్లలకూ లక్షా డెబ్బై వేల పౌండ్లకు పైగా పోగుచేశారు. జరిమానా భయం ఉన్నా గుడ్డను కింద పెట్టుకుని కూర్చోలేదు చూడమన్నాడు బావ. అదే జట్టు అభిమానుల్లో, శిక్ష పడేది క్లబ్బుకు కదా, మన పంతం కోసం జట్టును ఎందుకు బలిపెట్టాలని అడిగినవారు కూడా ఉన్నారని నేను గుర్తుచేశాను. అంటే అక్కడా నువ్వొకడివి ఉన్నావన్నమాట, అని ఆయన ఫోను పెట్టేశాడు.

2020 జనవరి 19న జరిగిన కలకత్తా డెర్బీ, అంటే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడిన ఆట రోజున మాత్రం నేనే ఆయనకు ఫోను చేశాను. పౌరసత్వ చట్టం గురించి దేశమంతా అట్టుడుకుతున్న రోజులవి. ఈస్ట్ బెంగాల్ అభిమానులు గ్యాలరీలో పరిచిన పెద్ద గుడ్డ మీద, ఈ నేలను రక్తంతో కొన్నాము, కాగితాలతో కాదు అని బెంగాలీలో రాసి ఉంది. ఆ ఆట మోహన్ బగాన్ 2–1తో గెలిచింది. ఆ గుడ్డ మంచిదా చెడ్డదా అని, రాజకీయాలు మైదానంలోకి రావచ్చా అని ఆ రోజుల్లో ఎందరో ఎన్నో రకాలుగా అన్నారు. నాకు మాత్రం టిటాగఢ్ మావయ్య మాట, ఊరు విడిచి వచ్చినవాళ్ల జట్టు అన్న మాట గుర్తొచ్చింది. మన గుడ్డ కూడా అదే చెప్పింది కదా బావా, ఇంకా మెత్తగా చెప్పింది, అన్నాను. బావ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, వాళ్లు రాసింది ఎదుటివాడికి కూడా చదవడం వచ్చిన భాషలో, అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆయన మౌసా వైపు ఒక్క అడుగు వేయడం అదే మొదటిసారి.

నేనూ ఆ రోజు ఒక అడుగు వేశాను. ఆ కుర్రవాడి విషయంలో నా భయం నిజమైనదేనని ఇప్పటికీ నమ్ముతాను. కాని మేము, అంటే కమిటీ పెద్దలూ నేనూ, నిషేధించింది సమాధానాన్ని, ప్రశ్నను కాదు. పాతపట్నం పొమ్మన్న నోళ్లకు ఏ కట్టుబాటూ లేదు, మేమూ ఈ ఊరివాళ్లమేనన్న గుడ్డకు మాత్రం గేటు మూశాము. అరిచిన మాట గాలిలో కలిసిపోతుందనీ, రాసిన మాట నిలిచిపోతుందనీ, అందుచేత రాసినదే ప్రమాదమనీ అప్పుడు అనుకున్నాము. ఆ కుర్రవాడికి ఏది గాలిలో కలిసిపోయిందో, ఏది నిలిచిపోయిందో మేము అడగలేదు. వాడు ఆ తరువాత ఆట మానేసి సూరత్ వెళ్లిపోయాడు. బావ ఫోనులో ఇదంతా విని, ఈ మాట ఆ రోజు మైకులో అనవలసింది, అన్నాడు. అనవలసిందేనని ఒప్పుకున్నాను.

కిందటి సంక్రాంతికి పర్లాకిమిడి వెళ్లినప్పుడు అక్క పాత ట్రంకు పెట్టె సర్దుతూ ఆ గుడ్డను బయటకు తీసింది. ఇన్నాళ్లూ అది ఆ ఇంట్లోనే ఉందని నాకు తెలియదు. వసారాలో, అప్పట్లో బావ మోకాళ్ల మీద కూర్చుని రాసిన చోటే, దాన్ని పరిచాము. ఎర్ర రంగు చాలావరకు పెచ్చులూడి మడతల వెంట పొడిగా రాలిపోయింది. ‘మేమూ’ అన్నది తెలుస్తోంది. ఇరుకైపోయిన చివరి అక్షరాలు రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మౌసా కుట్టిన అతుకు మాత్రం ఒక్క పోగు కూడా సడలలేదు. దాని మీద ఆయన గీసిన పెన్సిలు అంచులు, ఎవరూ రంగు నింపకపోవడం వల్లనేనేమో, ఎలా గీసినవి అలాగే ఉన్నాయి.

బావ మనుమరాలు అక్కడే ఆడుకుంటోంది. ఊళ్లోనే మూడో తరగతి చదువుతోంది. గుడ్డ మీదికి వంగి, పెన్సిలు గీతల మీద వేలు పెట్టుకుంటూ, కూడబలుక్కోకుండా గడగడా ఒడియా వాక్యం చదివేసింది. చదివి, అవును కదా, మనం ఈ ఊరివాళ్లమే కదా, ఇది ఎందుకు రాశారని తాతను అడిగింది. బావ చెప్పలేదు. అప్పుడు ఆ పిల్ల పైనున్న ఎర్ర అక్షరాల మీదికి వేలు జరిపి, ఇది నాకు రాదు, ఇందులో ఏముందని అడిగింది.

బావ నా వైపు చూశాడు.

‘నువ్వు చదువు. మైకులో చదివినట్టు, గట్టిగా చదువు’ అన్నాడు.

నేను లేచి నిలబడి చదివాను.